బస్సు దగ్గరే ఆగిపోయిన గాలం

జనగామలో మా వీధి డ్రైవరన్న పోయిన శుక్రవారం చనిపోయాడు. మధ్యాహ్నం అన్నం తిని, ముందు గదిలో ఫ్యాను కింద చాప వేసుకుని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. గుండె నిద్రలోనే ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడు. ఎప్పుడు ఆగిందో మాత్రం చెప్పలేకపోయాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన్ని ఎవరూ లేపలేదు. ఆయన భార్య, మా వదిన, గడపలో కూర్చుని బియ్యం ఏరుతూ, వీధిలో క్రికెట్ ఆడే పిల్లల్ని పక్క సందులోకి పంపింది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషి బెల్ నొక్కబోతే చేయి ఎత్తి ఆపింది. ఆ ఇంట్లో పడుకున్న మనిషిని లేపరు. అది ఆయనే పెట్టిన నియమం.

సాయంత్రం కబురు అంది నేను వెళ్లేసరికి వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి ఒక్కటే మాట అంది. "నేను లేపేదుండె తమ్మీ. చాయ్ పొద్దయినా లేపకపోతి."

లేపినా తేడా ఉండేది కాదని డాక్టర్ నాతో అన్న మాట ఆమెకు చెప్పాను. ఆమె విన్నట్టు లేదు. ఆ మాట ఎంతవరకు నిజమో నాకూ తెలియదు. తెలియనిదాన్ని ఖాయంగా చెప్పడం విలేకరిగా నాకు అలవాటు లేదు కాబట్టి రెండోసారి చెప్పలేదు.

చనిపోయిన వాళ్ల గురించి చాలా రాశాను. ఇది రాయడం కష్టంగా ఉంది. బాధ ఒక్కటే అయితే ఇంత కష్టం కాదు. నాకు ఆయన మీద ఇంకా కోపం ఉంది. ఆయన కోరుకున్నది పెద్ద కోరికేమీ కాదు. సముద్రంలోకి కట్టిన జెట్టీ మీద ఒక పూట కూర్చుని, తన గాలంతో ఒక్క చేప పట్టి, దాన్ని ఇంటికి తెచ్చి వదిన చేతిలో పెట్టాలి. అంతే. ఆయన రిటైరయ్యాక మేమిద్దరం మూడుసార్లు సముద్రం దాకా పోయాం. మూడుసార్లూ ఆ పని కాలేదు. అడ్డం పడింది వాన కాదు, పోలీసులు కాదు. ఆయనే.

ఆయన్ని మొదట చూసింది ఘనపూర్ అవతల ఒక ఊళ్లో. నేను అప్పుడు ఘనపూర్‌లో విలేకరిగా పని మొదలుపెట్టాను. ఫోన్లలో ఫొటోలు పంపే రోజులు కావు. వార్త కాగితం మీద రాసి, ఫొటో జతచేసి, కవర్‌లో పెట్టి బస్సు డ్రైవర్‌కు ఇచ్చేవాళ్లం. హనుమకొండ బస్టాండ్‌లో మా ఆఫీసు మనిషి దాన్ని అందుకునేవాడు. ఆ ఊరికి ఒక నైట్ హాల్ట్ బస్సు ఉండేది. ఆఖరి ట్రిప్పుగా వచ్చి, అక్కడే ఆగి, తెల్లారి మొదటి ట్రిప్పుగా వెనక్కి పోయేది. ఒక పొద్దున వెళ్లి, ఆ బస్సు కిటికీ మీద టకటకా కొట్టాను. లోపల కండక్టర్ పడుకుని ఉన్నాడు. పక్కనున్న చెరువు కట్ట మీద నుంచి ఒక మనిషి తడి చేతులతో, చంకలో గాలం కట్టెతో గబగబా దిగి వచ్చాడు.

"ఎవలయ్య నువ్వు? లోపట మనిషి పండుకున్నడు, కనవడతలేదా?"

ప్రెస్ కవర్ ఇవ్వాలని చెప్పాను.

"నీ వార్త ఏడికన్న ఉరుకుతదా? కూసో జర."

కూర్చున్నాను. ఆ కట్ట మీదే ఆయన చేపలు పట్టడం చూశాను. కట్టె వెదురుది. నీళ్ల మీద తేలే బెండు మాత్రం పాత హవాయి చెప్పు మడమ నుంచి కోసిన నీలం రంగు ముక్క. బోరింగ్ దగ్గర తడిమట్టిలో తవ్విన వానపాములు, ఆయన మాటలో ఎర్రలు, ఒక డబ్బాలో ఉండేవి. బెండు వణికితే చిన్న చేప రుచి చూస్తున్నట్టు. పక్కకు జరిగితే జెల్ల. ఒక్కసారిగా మునిగితే కొర్రమట్ట. కళ్లు బెండు మీదే ఉంచి, గుసగుసగా, రేడియోలో వార్తలు చదివినట్టు నాకు చెప్పేవాడు. పడిన చేపల్ని తానూ కండక్టరూ తిండి తినే ఇంట్లో ఇచ్చేసి, చేతులు కడుక్కుని, బస్సు స్టార్ట్ చేసేవాడు. ఆ తర్వాత నా కవర్లు చాలాకాలం ఆయన సీటు వెనక సంచిలోనే హనుమకొండ చేరాయి. ఒక్కటీ పోలేదు.

తర్వాత ఆయన మహబూబాబాద్‌కు మారాడు. నేను వేరే పత్రికకు, వేరే ఊళ్లకు. ఎన్నో ఏళ్లకు జనగామలో నేను ఇల్లు అద్దెకు తీసుకుంటే, రెండిళ్ల అవతల గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆయనే. అప్పటికి జనగామ డిపోలో ఆఖరి ఏళ్ల సర్వీసు చేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి మొదట అడిగింది, ఇప్పుడైనా కిటికీలు కొట్టడం మానేశానా లేదా అని.

ఆర్టీసీ అద్దెకిచ్చే స్పెషల్ హైర్ బస్సులంటే మా వైపు అందరికీ తెలుసు. బడి పిల్లల విహారయాత్రలు, భజన బృందాలు, కార్తీకమాసంలో విజయవాడ కొండ, అక్కడి నుంచి సముద్ర స్నానం. అలాంటి ట్రిప్పులకు జనం ఆయన్నే అడిగేవాళ్లు. బండి కుదుపు లేకుండా తోలతాడని పేరు. అలా ఆయన ఎన్నిసార్లు సముద్రం దాకా వెళ్లాడో ఆయనకే లెక్క లేదు. పొద్దున్నే తీరం చేరేవాళ్లు. జనం చెప్పులు బస్సులోనే వదిలి నీళ్లలోకి పరుగు తీసేవాళ్లు. ఆయన బస్సును సరుగుడు చెట్ల వెనక నీడకు పెట్టి, చివరి సీటు మీద తువ్వాల పరుచుకుని పడుకోవాలి. మళ్లీ రాత్రికి బండి తోలాలి కదా. అందరూ సముద్రం చూసే సమయమే ఆయన నిద్ర సమయం.

ఆ నిద్ర కూడా దొరికేది కాదు. ఒకరు వచ్చి చెప్పులు కావాలంటారు. ఒకరు మందుల సంచి మరిచిపోయామంటారు. ఒకరు టేపులో పాటలు పెట్టమంటారు. ఇంకొకరు ఏ పనీ లేకుండా, డ్రైవర్ సాబ్ నీళ్లలోకి రావా అని పిలవడానికే తలుపు బాదుతారు. ఆయన లేచి, ఇచ్చి, మళ్లీ పడుకునేవాడు. అన్నేళ్లలో సముద్రాన్ని సరిగ్గా చూడలేదా అని ఒకసారి అడిగాను. చూశానన్నాడు. బస్సు ముందు అద్దంలోంచి. రెండు మూడుసార్లు పరుగున పోయి కాళ్లు తడుపుకుని వచ్చాడట. ఆ అద్దంలోంచే దూరంగా జెట్టీ కనపడేది. దాని మీద వరుసగా మనుషులు దారాలు వేసుకుని కూర్చునేవాళ్లు.

"పొద్దుగాల పోంగ కూసున్నోళ్లు, మనం తిరిగి పొయ్యెటప్పుడు గూడ గాడనే ఉంటరు తమ్మీ. వాళ్లకు ఇల్లు లేదా అనుకునేది" అన్నాడు. అసూయగా అన్నాడని నాకు అప్పుడే అర్థమైంది.

ఇంటికి వచ్చినప్పుడల్లా వదిన అడిగేదట, సముద్రం ఎట్లుంది అని. మంచిగనే ఉన్నది అనేవాడట. అంతకంటే చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆమె సొంతూరు రఘునాథపల్లి దగ్గర. సముద్రం ఆమె కూడా చూడలేదు. జిల్లా జనాన్నంతా సముద్రం కాడ దించొచ్చిండు, ఈయన అంగీకి మాత్రం ఉప్పు వాసన తగలలే అని మా అందరి ముందూ ఎత్తిపొడిచేది. ఆ మాటకే చేప తెస్తానని పందెం కట్టాడు.

మా ఇద్దరికీ ఒక విషయంలో ఆఖరిదాకా పడలేదు. పొద్దున పేపరు మా గేటు దగ్గరే చదివేవాడు. రోడ్డు ప్రమాదాల వార్త ఉంటే వేలు పెట్టి చూపించేవాడు. పెళ్లి నుంచి వస్తూ, గుడి నుంచి వస్తూ, విహారయాత్ర నుంచి వస్తూ. నేను చూసినంతలో అవి ఎక్కువగా తిరుగు ప్రయాణాలే. డ్రైవర్ నిద్రమత్తే కారణమని పోలీసులు తెలిపారు అనే వాక్యం దాదాపు అన్నింట్లో ఉంటుంది.

"నిద్రమత్తు అని రాస్తరు. ఆ నిద్ర ఎవలు చెడగొట్టిన్రో ఎందుకు రాయరు?"

పోలీసులు చెప్పనిది నేను రాయలేనని చెప్పేవాణ్ని. "దవాఖానల ఉన్నోళ్లను అడుగు. వాళ్లకు ఎరుకే" అనేవాడు. కాలికి కట్టు కట్టించుకుని పడుకున్న మనిషిని, మీరు డ్రైవర్‌ను ఎన్నిసార్లు లేపారని ఏ విలేకరీ అడగలేడు. ఆ మాట అంటే ఆయన పేపరు మడిచి ఇచ్చేసి వెళ్లిపోయేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేవాడు.

రిటైరైన ఏడాది కార్తీకంలో మా కాలనీ వాళ్లంతా కలిసి చీరాల వైపు ఒక ప్రైవేటు బస్సు మాట్లాడారు. వదినకు మోకాళ్ల నొప్పి, రాలేదు. డ్రైవరన్న మాత్రం కట్టెను రెండు ముక్కలుగా విప్పి గుడ్డలో చుట్టుకుని, ఎర్రల డబ్బాతో ముందే వచ్చి కూర్చున్నాడు. పెళ్లికొడుకులా ఉన్నాడని ఆడవాళ్లు ఏడిపించారు. తెల్లవారి తీరం చేరాం. జెట్టీ కనపడుతూనే ఉంది. నేను ముందు నడిచాను. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే ఆయన లేడు.

బస్సు దగ్గరికి తిరిగి వచ్చాను. ఆ బండి డ్రైవర్ అంతకుముందు రాత్రి కూడా ఇంకో ట్రిప్పు తోలి వచ్చాడట. అతని కళ్లు చూసి డ్రైవరన్న ఆగిపోయాడు. వెనక సీటు మీద పడుకోబెట్టి, బస్సు తలుపు దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పులు, సంచులు, సబ్బులు, ఎవరికేం కావాలో ముందే కనుక్కుని అన్నీ బయట దుప్పటి మీద పరిచాడు. ఇక ఎవరూ లోపలికి పోవాల్సిన పని లేదు. మా కాలనీ అధ్యక్షుడు పాటలు పెట్టమని వస్తే, నీళ్లల్లకు పో, గాడ సముద్రమే పాడుతున్నది అని పంపించాడు.

కాసేపు నేను కూర్చుంటాను, నువ్వు జెట్టీ మీదికి పో అని చెప్పాను. ఒప్పుకోలేదు. నా మొహమాటం సంగతి ఆయనకు తెలుసు. ఎవరైనా గట్టిగా అడిగితే నేను తలుపు తీస్తాను. "గాలం ఏడికి పోదు తమ్మీ. గీ మనిషి నిద్ర పోతే మల్ల దొరకదు" అన్నాడు. మధ్యాహ్నం దాటాక ఆ డ్రైవర్ లేచాడు. అన్నాలు తిన్నాం. బయలుదేరాం. ఎర్రల డబ్బా తెరవనే లేదు. ఇంటి దగ్గర వదిన సంచీలోకి తొంగి చూసి, ఉప్పు కూడా తేలేదా అంది.

నాకు చిరాకు వేసింది. ఈ మనిషి జెట్టీ ఎక్కాలంటే బస్సు ఉండకూడదని తేల్చుకున్నాను. రెండోసారి నా కారులోనే, ఇద్దరమే పోయాం. ఆయన కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి నేనే నడిపాను. సూర్యాపేట, విజయవాడ మీదుగా చీరాల దాకా ఆయన నోరు మూయలేదు. నన్ను మెలకువగా ఉంచడానికే అంత మాట్లాడుతున్నాడని నాకు తెలుసు. చేరగానే కారు నీడకు పెట్టించాడు.

ఇక పడుకో అన్నాడు. రాత్రంతా నిద్రపోయి వచ్చానని చెప్పాను. నీ కండ్లు నాకు కనవడతలేవా అన్నాడు. వాదించే ఓపిక లేక, కాసేపు పడుకుంటే తృప్తి పడతాడని సీటు వెనక్కి వాల్చాను. ఒక్క కునుకు తీసి లేద్దామనుకున్నాను.

లేచేసరికి ఎండ పడమటికి మళ్లింది. కారు అద్దానికి తువ్వాల కట్టి ఉంది. ఎక్కడి నుంచో తెచ్చుకున్న ప్లాస్టిక్ స్టూలు మీద డ్రైవరన్న కూర్చుని, మొక్కజొన్న కంకులమ్మే ఆమెతో గుసగుసగా మాట్లాడుతున్నాడు. ఆమె బండి గంటకు గుడ్డ చుట్టి ఉంది. అది కూడా ఈయన పనే. గాలం కట్టె కారు డిక్కీకి ఆనించిన చోటే ఉంది.

జెట్టీ వైపు పరుగులాంటి నడకతో పోయాం. అప్పటికి పడవలు తిరిగొచ్చాయి. ఐసు పెట్టెలు, తాళ్లు, బేరాలు. గాలాలతో నిలబడటానికి చోటు లేదని అక్కడివాళ్లు పంపించేశారు. మర్నాడు మధ్యాహ్నానికి నేను డ్యూటీలో ఉండాలి. చీకట్లో నన్ను బండి నడపనివ్వడు. పొద్దుగూకేలోగా విజయవాడ చేరి లాడ్జిలో దిగాలి. దారిలో నేను మాట్లాడలేదు. చాలాసేపటికి ఆయనే అడిగాడు.

"కోపమొచ్చిందా?"

"రాదా మరి?"

"మంచిదే. కోపమొచ్చినోనికి నిద్ర రాదు."

నవ్వు వచ్చినా ఆపుకున్నాను. ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. నా పక్కన కూర్చున్నది నా మంచి కోరేవాడే. తన మంచి మాత్రం ఆయనకు పట్టదు. ఇలాంటి వాళ్లతో స్నేహం చేయడం శ్రమ. ఎవరి కోసం సెలవు పెట్టామో వాళ్లే ఆ రోజును మన నిద్రకు ఖర్చు పెడతారు.

మూడోసారి రైలు. జనగామలో ఎక్కితే తెల్లారేసరికి చీరాల. తోలేవాడు మనకు కనపడడు, లేపేవాడూ ఉండడు. రైలు డ్రైవర్ కాడ పోయి కూసుంటడేమో జూడు తమ్మీ అని వదిన హెచ్చరించే పంపింది. తీరానికి ఆటోలో పోయి, ఆటోను వెంటనే పంపించేశాను, దాని డ్రైవర్ ఈయన కళ్ల ముందు పడుకోకముందే. డ్రైవరన్న జెట్టీ మీద కాలు పెట్టాడు. చెప్పులు విప్పి పెట్టాడు. కట్టె ముక్కలు కలిపి బిగించాడు. నాకైతే పని అయిపోయినట్టే అనిపించింది.

అక్కడ తప్పు చేశాడు. చెరువు మనిషి మాత్రమే చేసే తప్పు. అదే నీలం చెప్పు ముక్కను బెండుగా కట్టి సముద్రంలో వేశాడు. చెరువులో నీళ్లు ఊరికే ఉంటాయి, కదిలేది చేప ఒక్కటే. ఇక్కడ అల వచ్చినప్పుడల్లా బెండు లేస్తుంది, మునుగుతుంది, పక్కకు కొట్టుకుపోతుంది. బెండు కదిలినప్పుడల్లా ఆయన చేయి దానంతటదే కట్టెను గుంజుతోంది. గుంజడం, ఖాళీ కొక్కెం చూడటం, మళ్లీ వేయడం. ఎర్రలు ఉప్పునీటికి తెల్లగా పాలిపోయి ఊడిపోతున్నాయి. పక్కన ఒక పెద్దాయన కట్టె కూడా లేకుండా, దారం వేలికి చుట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూసి నోరు విప్పాడు.

"ఏంటి బాబాయ్, అలల్లో బెండు కట్టావు? అదేం చెబుద్ది నీకు?"

"మా చెర్ల గిట్లనే కడతం. గీ నీళ్లు జర ఊకుంటే కద."

అవతల కూర్చున్న కుర్రాళ్లు గిట్లనే, గిట్లనే అంటూ ఒకరికొకరు చెప్పుకుని నవ్వారు. సినిమాల్లో మా మాటకు నవ్వినట్టే. నాకు ఒళ్లు మండింది. డ్రైవరన్న తల తిప్పలేదు.

"నవ్వున్రి. చేపలకు మీ భాష రాదు, మా భాష రాదు."

పెద్దాయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతో కుర్రాళ్లూ దగ్గరికి జరిగారు. బెండు తీసేయమన్నారు. డ్రైవరన్నకు మనసొప్పలేదు. బెండు లేకుంటే ఏం చూస్తూ కూర్చోవాలని అడిగాడు. చూడకు, వేలితో విను అన్నాడు పెద్దాయన. చివరికి ముడి విప్పి, నీలం ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. పెద్దాయన ఇచ్చిన సీసం గుండు కట్టి, రొయ్య ముక్క గుచ్చి, దారం మీద చూపుడు వేలు పెట్టుకుని కూర్చున్నాడు.  ఎప్పుడూ అద్దంలోంచి చూసిన సముద్రం అడ్డం లేకుండా ఎదురుగా ఉంది. అప్పుడు ఫొటో తీశాను. ఇప్పుడు చూస్తే అందులో ఆయన మొహం లేదు, వెనక నుంచి తీసిన వీపు, ఒక పక్కకు వంచిన మెడ ఉన్నాయి. నిజంగానే వింటున్నట్టు ఉంది.

అప్పుడే తీరం మీద ఒక బడి బస్సు వచ్చి ఆగింది. పిల్లలు దిగి పరుగెత్తారు. కాసేపటికి జెట్టీ మీదికి వినపడేంత గట్టిగా ఎవరో బస్సు రేకు మీద అరచేత్తో బాదుతున్నారు. నేను వెనక్కి చూడలేదు. చూస్తే ఆయన కూడా చూస్తాడని. చూడాల్సిన అవసరం ఆయనకు లేదు. ఆ చప్పుడు ఆయనకు బెండు కదలికంత బాగా తెలుసు. కట్టె నా చేతిలో పెట్టాడు.

"పట్టుకో. గిప్పుడే వస్త."

వద్దన్నాను. అది మన బస్సు కాదన్నాను. మన జిల్లా కూడా కాదన్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. అక్కడ జరిగింది తర్వాత ఆయనే చెప్పాడు. నీళ్ల క్యాను కోసం ఒక సారు డ్రైవర్‌ను లేపుతున్నాడు. క్యాను డిక్కీలో ఉంది, తాళం చెవి డ్రైవర్ జేబులో ఉంది. డ్రైవరన్న ఆ సారును వెంటబెట్టుకుని దుకాణానికి పోయి, వేరే క్యాను ఇప్పించి, పిల్లల గుంపు బస్సుకు దూరంగా జరిగేదాకా అక్కడే నిలబడ్డాడు. రాత్రి మీ పిల్లలను ఇంటికాడ దించేది ఈ కండ్లే అని సారుకు చెప్పాడట. సారు మంచివాడే, వెంటనే ఒప్పుకున్నాడు అన్నాడు.

ఆయన అక్కడ ఉండగా ఇక్కడ నా వేలి కింద దారం లాగింది. నేను చేపలు పట్టే మనిషిని కాదు. పెద్దాయన ఎట్లా లాగాలో అరిచి చెబుతుంటే ఎట్లాగో పైకి లాగాను. గొరక చేప అన్నాడాయన. చిన్నది కాదు, ఒక పూట కూరకు సరిపోయేది. జెట్టీ పలకల మీద కొట్టుకుంటుంటే నేను తీరం వైపు చూసి చేతులు ఊపాను. ఆయన నెమ్మదిగా నడిచి వచ్చాడు. వంగి చూశాడు.

"మంచిగున్నది నీ చేప."

"నీ కట్టె, నీ చోటు, నీ చేప. వదినకు తీసుకుపో" అన్నాను.

"నేను పట్టింది కాదు కద. ఆమెకు అబద్ధం జెప్పాల్నా?"

ఎంత చెప్పినా వినలేదు. ఆ గొరకను పెద్దాయన సంచిలో వేశాం. మళ్లీ దారం వేశాడు. రైలు టైమయ్యేదాకా ఇంకేం పడలేదు. స్టేషన్‌కు పోతూ ఆటోలో నేను అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. ఆయన జేబులోని నీలం ముక్కను తీసి చూసుకుంటూ, మల్లొద్దాం తీయ్ అన్నాడు.

ఇంటికి వచ్చాక వదిన ఎప్పటిలాగే అడిగింది, సముద్రం ఎట్లుంది అని. ఈసారి ఆయన చాలాసేపు చెప్పాడు. నేను గేటు దగ్గర నిలబడి విన్నాను. బెండు ఊకెనే ఊగుతదట, చేపున్నా ఊగుతదట, లేకున్నా ఊగుతదట. అందుకే వేలితోటి వినాలెనట. వదిన నవ్వి, అయితే వచ్చేసారి నేనే వస్త, నువ్వు బస్సుల కాడికి ఉరికితే కట్టె నేను పట్టుకుంట అంది. ఈ వానలు తగ్గగానే ముగ్గురం పోవాలని అనుకున్నాం. ఆయన సీసం గుండ్లు కొని తెచ్చి ముందు గది కిటికీలో పెట్టుకున్నాడు. ఇప్పుడూ అక్కడే ఉన్నాయి.

వానలు తగ్గకముందే ఆయన పోయాడు. ఒక్క చేప. ఇంకొక్క పూట కదలకుండా కూర్చుంటే పడేది. ఆ కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. బస్సు రేకు మీద ఎవరు బాదినా అది ఆయన ఇంటి తలుపే. నేను ఆయన్ని అర్థం చేసుకున్నానని చెప్పను. తన ఊరి వాళ్లు కాని పిల్లల కోసం, పేరు తెలియని డ్రైవర్ కోసం చేతిలోని కట్టె వదిలేయడం సరైన పనేనని ఇప్పుడూ ఒప్పుకోలేకపోతున్నాను. ఒప్పుకోకపోయినా, ఈ మధ్య తిరుగు ప్రయాణంలో జరిగిన ఒక ప్రమాదం వార్త రాయడానికి పోయినప్పుడు, డ్రైవర్ అంతకుముందు ఎక్కడ, ఎంతసేపు పడుకున్నాడని అడిగాను. ఎవరికీ తెలియదన్నారు. తెలియదన్న సంగతే రాశాను. మర్నాడు పొద్దున మా గేటు దగ్గర అది చదివి, ఆయన పేపరు మడవకుండా కాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. 

శనివారం అంత్యక్రియలు. నర్సింహులపేట వైపు నుంచి ఆయన బంధువులు ఒక వ్యాన్‌లో వచ్చారు. దాని డ్రైవర్ నడివయసు మనిషి. ముందు రోజు రాత్రి విజయవాడ పెళ్లి నుంచి వచ్చీ రాగానే వీళ్లను ఎక్కించుకున్నాడట. మా వీధి మలుపులో వ్యాన్ పెట్టి, పక్క తలుపు తెరిచి, వెనక సీటు మీద పడుకున్నాడు. ఒక కాలు బయటికి వేలాడుతోంది. ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. పాడె లేచింది.

వదిన ఏడుస్తూ గేటు దాకా వచ్చింది. మలుపు వైపు చూసింది. ఏడుపు ఆపి, కొంగుతో మొహం తుడుచుకుని, డప్పుల వాళ్ల ముందుకు నడిచింది.

"గా వ్యానాయన పండుకున్నడు. మాపటికి మా వాళ్లనందర్ని ఇంటికాడ దించాలె. జర మలుపు దాటినంక కొట్టున్రి."

డప్పుల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావుకు డప్పు ఆపుతరా అని బంధువుల్లో ఒక పెద్దమనిషి గొణిగాడు. వదిన అక్కడే నిలబడింది. ముందున్న డప్పు మనిషి పుల్లలు చంకలో పెట్టుకుని, చర్మం మీద అరచేయి ఆనించాడు. మిగతావాళ్లూ ఆనించారు.

పాడె వ్యాన్ పక్కగా కదిలింది. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. పాడె ముందుభాగం మోస్తున్నవాళ్లు బయటికి వేలాడుతున్న ఆ కాలికి తగలకుండా రోడ్డు అంచుకు జరిగారు. లోపల మనిషి ఒకసారి ఒత్తిగిలి, చేయి కళ్ల మీద అడ్డం పెట్టుకుని, మళ్లీ నిద్రలోకి పోయాడు. మలుపు దాటేదాకా ఎవరూ డప్పు కొట్టలేదు.